ఎగ్మూరు పాంథియన్: మారిన వినియోగాలు, అమరావతి శిలల నెలవు

చెన్నపట్నపు జనవ్యవహారంలో ఒకప్పుడు ‘ఉయిర్ కాలేజీ’, ‘సెత్త కాలేజీ’ అని రెండు పేర్లు వినబడేవి. బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ అని ఆ తమిళ మాటల అర్థం. మొదటిది జంతుప్రదర్శనశాల, రెండవది ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాల. ప్రాణమున్న జంతువులను చూపే చోటు ఒకటి. లోపల కూరి నిలబెట్టిన కళేబరాలను, ఎముకలను, రాళ్లను చూపే చోటు మరొకటి. ఈ పేర్లలోని చమత్కారం తేలికగానే అందుతుంది. కాని జంతువులకూ ఎముకలకూ ‘కాలేజీ’ అనే మాట ఎలా అంటుకొన్నది? ఆ మాట ఊహించి పెట్టినది కాదు. అది ప్రదర్శనశాల మొదటి చిరునామా. ఎగ్మూరుకు రాకముందు ఆ సంస్థ నిజంగానే ఒక కాలేజీ మేడమీద పుట్టింది. సంస్థ ఇల్లు మారినా పాత ఇంటి పేరు వదలలేదు. తరువాత సంస్థలో ఒక శాఖగా మొదలైన జంతువుల కొట్టం విడిపోయి వెళ్లినప్పుడు ఆ పేరును తనతోపాటు పట్టుకొనిపోయింది.

ఎగ్మూరు ప్రాంగణ చరిత్రలో పదేపదే కనబడేది ఇదే. ఇక్కడ కట్టడం ఒక అవసరానికి ఏర్పడుతుంది, మరొక అవసరానికి వినియోగపడుతుంది, మూడవదాని పేరును మోస్తుంది. ఈ అసమత ప్రదర్శనశాలలోని వస్తువులను, ముఖ్యంగా కృష్ణాతీరం నుంచి వచ్చిన అమరావతి శిల్పఫలకాలను, ఎలా తాకిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తెలుగు పరిశోధకులకు ‘కాలేజీ’ అంటే ఏదో వేరుగా చెప్పనక్కరలేదు. అది 1812లో ఎల్లిస్ పూనికతో ఏర్పడిన ఫోర్ట్ సెంట్ జార్జి కాలేజీ. కుంఫిణీ కొలువుకు వచ్చిన యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని పని. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది ఆ కాలేజీ ముద్రాక్షరశాల నుంచే. దక్షిణాది భాషలు సంస్కృత జన్యాలు కావని, వాటిది వేరొక కుటుంబమని ఎల్లిస్ చేసిన ప్రతిపాదన అచ్చయింది ఆ గ్రంథపు ఉపోద్ఘాతంలోనే. రావిపాటి గురుమూర్తి శాస్త్రి తెలుగు వచనాన్ని పాఠ్యగ్రంథాలుగా మలచినది ఆ కాలేజీ అవసరాల కోసమే. 1817లో చెన్నపట్నంలో దిగిన బ్రౌను తెలుగు అక్షరాలు దిద్దుకొన్నదీ అక్కడే. ఇప్పుడు కాలేజీ రోడ్డు అనే వీధిపేరు ఒక్కటే ఆ సంస్థ గుర్తుగా మిగిలింది.

మద్రాసు లిటరరీ సొసైటీ 1846లో ప్రదర్శనశాల ఆలోచనను ముందుకు తెచ్చింది. గవర్నరు హెన్రీ పాటింజరు కుంఫిణీ డైరెక్టర్ల అనుమతి సంపాదించాడు. 1851 జనవరిలో గవర్నరు అంగరక్షక దళపు వైద్యుడు ఎడ్వర్డ్ బాల్‌ఫర్ మొదటి అధికారిగా నియమితుడయ్యాడు. సొసైటీ సేకరించిన 1,100 భూగర్భశాస్త్ర నమూనాలతో కాలేజీ భవనపు పై అంతస్తులో సంస్థ మొదలైంది. అంటే వ్యాకరణాలు, నిఘంటువులు తయారైన ఇంట్లో రాళ్లు, ఖనిజాలు చేరాయి. కాలేజీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి. భవనం ముందరి ఆరుబయట అమరావతి నుంచి బండ్లకెక్కి, ఓడలెక్కి వచ్చిన ఫలకాలున్నాయి. లిపి, శిల, ఖనిజం ఒకే ఆవరణలో కలిసి ఉన్న ఆ కొద్ది సంవత్సరాల కాలం తెలుగు విద్యాచరిత్రలో విశేషమైనదే అయినా, వ్యాకరణ చరిత్రకారులు శిలలను, కళాచరిత్రకారులు వ్యాకరణాలను పట్టించుకోకపోవడంవల్ల ఎవరి లెక్కలోకీ రాకుండా పోయింది.

మూడేళ్లు తిరగకుండానే ఆ చోటు చాలలేదు. 1854 డిసెంబరులో ప్రదర్శనశాల ఎగ్మూరులోని ‘పాంథియన్’ అనే భవనానికి మారింది. గ్రీకు భాషలో సకల దేవతల ఆలయం అని అర్థమిచ్చే ఈ పేరు దేవతలతో సంబంధం లేని ఇంటికి వచ్చిన తీరు వేరే కథ. 1778లో ప్రభుత్వం హాల్ ప్లూమర్ అనే దొరకు తోట, ఇల్లు ఏర్పరచుకొనేందుకు ఇక్కడ 43 ఎకరాల భూమి ఇచ్చింది. కోట గోడల ఇరుకు నుంచి బయటపడి విశాలమైన తోటల నడుమ ఇళ్లు కట్టుకోవడం అప్పటికి తెల్లదొరల్లో బాగా వ్యాపించిన అలవాటు. 1793లో ఆ స్థలం 24 మంది సభ్యులున్న ఒక సంఘానికి దఖలు పడింది. పట్నంలోని దొరల వినోదాలను నడిపించడం ఆ సంఘం బాధ్యత. విందులు, నృత్యాలు, నాటకాలు ఇక్కడ జరిగేవి. ‘ప్రజా వినోదశాల’ అని పత్రాలలో ఉన్నా, ఆ ప్రజలంటే ఎవరో వివరించవలసిన పనిలేదు. అప్పటి చెన్నపట్నంలో నూటికి తొంభైతొమ్మిది మందికి ఆ గేటు లోపలి సంగతి దీపాల వెలుతురుగా, వాద్యాల చప్పుడుగా మాత్రమే తెలిసి ఉంటుంది.

1821లో సంఘం ప్రధాన భవనాన్ని, నడిమి తోటను ఇ. ఎస్. మూరాట్ అనే ఆర్మీనియన్ వర్తకునికి అమ్మింది. 1830లో అతని దగ్గర నుంచి ప్రభుత్వమే తిరిగి కొన్నది. కలెక్టరు కచేరీగా కొంతకాలం నడిచింది. దొర తోటబంగళా, వినోదశాల, వర్తకుని ఆస్తి, కచేరీ: పాంథియన్ ఇన్ని చేతులు మారిన తరువాతనే ప్రదర్శనశాలగా కుదురుకొన్నది. శిల్పాలను దృష్టిలో పెట్టుకొని కట్టిన గది ఒక్కటీ అందులో లేదన్న విషయం ముందుముందు గుర్తుంచుకోవలసినది.

బాల్‌ఫర్ కాలంలో భవనపు సామాజిక స్వభావం పూర్తిగా తిరగబడింది. 1855లో ఒక చిరుతను, ఒక పులిని తెచ్చి ఆవరణలో కట్టారు. జనం విరగబడ్డారు. కర్ణాటక నవాబు తన జంతువులను ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి వాటి సంఖ్య 300 దాటింది. ఇరవై నలుగురి పెత్తనంలో నడిచిన వినోదశాల గేటు ఊరివారందరికీ తెరుచుకొన్నది. భూగర్భ నమూనాల పెట్టెలు చూడడానికి కాదు, పులిని చూడడానికి జనం వచ్చారనడం నిజమే. కాని వచ్చినవారు పెట్టెల మీదుగానే వెళ్లారు. బాల్‌ఫర్ చేసిన అన్ని పనులలోను అతి తెలివైనది ఈ పులిని తేవడమేనని చెప్పవచ్చు. ఆవరణ కిక్కిరిసిపోవడంతో 1863లో జంతువులను పీపుల్స్ పార్కుకు తరలించారు. ‘బతికిన కాలేజీ’ విడిపోయింది అప్పుడే. అదే కాలంలో రాజమహేంద్రవరం, బళ్లారి సహా ఆరు పట్టణాలలో స్థానిక ప్రదర్శనశాలలు తెరిచే ప్రయత్నం కూడా జరిగింది గాని అవి నాలుగు కాలాలపాటు నిలువలేదు. గోదావరీ తీరంలో ఆ ప్రయత్నం నిలదొక్కుకొని ఉంటే ఆంధ్రదేశపు శిలలన్నీ ఒకే దిక్కుకు ప్రయాణం చేయవలసిన అవసరం తగ్గి ఉండేదేమో.

1862 జూన్ 5న ప్రదర్శనశాలలో భాగంగా ప్రజా పఠనాలయం మొదలైంది. పుస్తకాలకు, ఉపన్యాసాలకు చోటు కోసం కొత్త భాగాలు కట్టి 1876లో తెరిచారు. ఈ విస్తరణలు పాత తోటబంగళాను చుట్టుముట్టి, క్రమంగా దాని రూపాన్ని కమ్మేశాయి. ఎడ్గర్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 వరకు అధ్యక్షుడుగా ఉన్న కాలంలో ప్రాంగణం నేటి ఆకారానికి వచ్చింది. దక్షిణదేశపు కులాలు, తెగల మీద అతడు 1909లో ప్రచురించిన ఏడు సంపుటాలు తెలుగు సామాజిక చరిత్రకారులకు సుపరిచితాలు. ఆ గ్రంథం వెనుక ఉన్న దేహపు కొలతలలో కొన్ని ప్రదర్శనశాలలోనే తీసుకొన్నవి. చూడవచ్చిన జనాన్నే కొలిచి చూపుడు వస్తువులుగా మార్చిన ఆ విధానం ప్రజల కోసం తలుపులు తెరిచిన కట్టడానికి వచ్చిన మరో మలుపు.

థర్‌స్టన్ హయాంలోనే మ్యూజియం థియేటరు, కన్నెమరా గ్రంథాలయం లేచాయి. థియేటరు ఇటలీ వాస్తుపద్ధతిని అనుకరించిన గుండ్రని ముఖంతో కనబడుతుంది. లోపల వేదిక చుట్టూ అర్ధవలయంగా మెట్లమెట్లుగా ఆసనాలున్నాయి. ఉపన్యాసాలకూ ఉపయోగపడినా, ఆంగ్లేయుల నాటక ప్రదర్శనలతోనే ఎక్కువ పేరు తెచ్చుకొన్నది. పాంథియన్ సంఘం వదిలిపెట్టిన నాటకం డెబ్బై ఏళ్ల తరువాత అదే నేలమీదికి తిరిగి రావడం గమనించదగినది. కన్నెమరా గ్రంథాలయానికి 1890 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 1896 డిసెంబరు 5న తెరిచారు. వాస్తుశిల్పి హెన్రీ ఇర్విన్, కట్టించినవాడు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. పొడవైన విశాలమందిరం, ఎత్తైన వంపు కప్పు, రంగుటద్దాలు, టేకు అరలు — మొత్తం ప్రాంగణంలో చేయదలచిన పనికి, కట్టిన గదికి పొత్తు కుదిరిన అరుదైన చోటు ఇది. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం కింద దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం పొందే నాలుగు గ్రంథాలయాలలో ఒకటి కావడంవల్ల, ఆంధ్రరాష్ట్రం వేరుపడిన తరువాత అచ్చయిన తెలుగు పుస్తకాలు కూడా ఎగ్మూరుకు చేరుతూ వచ్చాయి.

ఇర్విన్, నంబెరుమాళ్ చెట్టి జంట చేతి మరో నిర్మాణం విక్టోరియా స్మారక మందిరం. 1906 జనవరి 26న అప్పటి వేల్స్ యువరాజు, తరువాతి అయిదవ జార్జి, శంకుస్థాపన చేశాడు. 1909లో గవర్నరు ఆర్థర్ లాలీ ప్రారంభించాడు. ఫతేపూర్ సిక్రీలోని బులంద్ దర్వాజాను తలపించే ఎత్తైన మొగదల, మూలల మీద ఛత్రులు, గులాబీ వన్నె ఇసుకరాయి ముఖభాగం. కృష్ణ, కావేరి తీరాల వాస్తుసంప్రదాయాలున్న నేలమీద అక్బరు రాజధాని వాకిలిని నిలబెట్టడం ఇండో-సారసెనిక్ పద్ధతిలోని పెద్ద విడ్డూరం. ఆ పద్ధతికి ‘భారతీయం’ అంటే ఎక్కడి భారతీయమైనా సరిపోయేది. రాయి మాత్రం దగ్గరిదే. అది సత్యవేడు గనులది. అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు 1960 నాటి సరిహద్దుల సవరణలో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది.

చేతిపనుల ప్రదర్శనకోసం ఏర్పడిన ఈ మందిరాన్ని 1951 నవంబరులో, ప్రదర్శనశాల శతాబ్ది ఉత్సవాల సంవత్సరంలో, జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ చిత్రశాలగా ప్రారంభించాడు. సామ్రాజ్ఞి స్మారకం స్వతంత్ర దేశపు కళామందిరమైంది. పేరు మార్చడానికి ఒక్క రోజు చాలింది. గోడల సంగతి అలా కాదు. ఈ శతాబ్ది ఆరంభంలో నిర్మాణ బలహీనతల కారణంగా మందిరాన్ని మూసివేశారు. దాదాపు రెండు దశాబ్దాలపాటు సందర్శకులు దానిని బయటినుంచే చూశారు. ఆవరణ మొత్తంలో వస్తువులను చూపడానికే ప్రత్యేకించి కట్టిన అతి వైభవమైన కట్టడం అన్ని కట్టడాలకంటె ఎక్కువకాలం మూతపడి ఉండడం ఈ చరిత్రలోని వైపరీత్యం.

ఇక అమరావతి శిలలు. పాంథియన్ కట్టడాలు తమకు అప్పగించిన వస్తువులను ఎలా కాపాడాయన్న ప్రశ్నకు గట్టి పరీక్ష ఇవే. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం నిర్మించేటప్పుడు దీపాలదిన్నెలోని రాళ్లు కట్టడాలకు ఉపయోగపడ్డాయి. కర్నల్ మెకంజీ అప్పుడే ఒకసారి చూశాడు. 1816లో తిరిగివచ్చి బొమ్మలు గీయించాడు. అతని సేకరణ వెనుక ఏలూరు కావలి సోదరుల శ్రమ ఎంతటిదో కైఫియత్తులు చదివినవారెరుగుదురు. 1830ల దశకంలో మచిలీపట్నపు కలెక్టరు కొన్ని ఫలకాలను తన ఊరి బజారు అలంకారానికి తరలించాడు. గుంటూరు కమిషనరు వాల్టర్ ఇలియట్ 1845లో దిన్నె తవ్వించి, దొరికిన ఫలకాలను చెన్నపట్నానికి పంపాడు. ఆంగ్లేయులు వాటిని ‘ఇలియట్ మార్బుల్స్’ అన్నారు. నిజానికి అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఈ తేడా పేరుకు సంబంధించిన సూక్ష్మం మాత్రమే కాదు. సున్నపురాయి తేమకు, లవణాలకు త్వరగా లోనవుతుంది. కాలేజీ ముంగిట ఎండావానలకు వదిలినప్పుడు దాని మీది సున్నితమైన చెక్కడమే ముందుగా దెబ్బతింటుంది.

1856లో విలియం టేలర్ ఈ ఫలకాలపై నివేదిక రాశాడు. కాలేజీ గ్రంథాలయంలోని ప్రాచ్య లిఖితప్రతుల వివరణాత్మక సూచికను ఆ మరుసటి ఏడు నుంచి వెలువరించిన టేలరే ఈయన. తాళపత్రాన్నీ శిలనూ ఒకే మనిషి చదవవలసివచ్చిన కాలం అది. 1858లో లినియస్ ట్రైప్ వాటి ఛాయాచిత్రాలు తీశాడు. మరుసటి ఏడు ఎక్కువ భాగం లండనుకు ఓడలో వెళ్లింది. అక్కడ కూడా వాటికి ఇల్లు సిద్ధంగా లేదు. ఒక బండ్లశాలలో పడి ఉన్న ఫలకాలను జేమ్స్ ఫెర్గూసన్ పట్టించుకొని, 1868 నాటి తన గ్రంథంతో లోకానికి ఎత్తి చూపాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. చెన్నపట్నం, లండను రెండింటిలోను మొదట శిల వచ్చింది, కప్పు ఆ తరువాత వచ్చింది.

ఎగ్మూరులో నేడు కనబడే అమరావతి సంపద ప్రధానంగా రెండో దశది. 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వించాడు. 1881-82లో జేమ్స్ బర్జెస్ పరిశోధించి, 1887లో జగ్గయ్యపేట స్తూపంతో కలిపి గ్రంథం వెలువరించాడు. ఆ శిలలు, మచిలీపట్నం బజారు మీదుగా వచ్చిన శిలలు, పల్నాటి గోలి గ్రామపు శిలలు క్రమంగా ఈ ప్రాంగణం చేరాయి. తోటబంగళాకు తరువాత తగిలించిన గదులలో ఇంత బరువైన, ఇంత పొడవైన ఫలకాలను నిలబెట్టడమెలా? పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో అధికారులకు తోచిన ఉపాయం వాటిని గోడలలోనే పొదగడం. ఫలకాల వెనుక, చుట్టూ సిమెంటు వేసి బిగించారు. దొంగతనం భయం లేదు, పడిపోతాయన్న భయం లేదు. సందర్శకునికి కంటి ఎత్తులో వరుసగా కనబడతాయి. ఆనాటి దృష్టిలో ఇది శిలను కాపాడే పనే.

దాని దుష్ఫలితాలు రెండు. ఒకటి రసాయన సంబంధమైనది: తీరపట్టణపు తేమ గోడ గుండా పైకి పాకుతుంది, సిమెంటులోని లవణాలను కరిగించి సున్నపురాతిలోకి చేరుస్తుంది. 1930లో ప్రదర్శనశాలలో రసాయన సంరక్షణ ప్రయోగశాల ఏర్పడి లోహవిగ్రహాల విషయంలో ఎంతో మేలు చేసింది. కంచు విగ్రహాన్ని బల్లమీదికి తెచ్చి చికిత్స చేయవచ్చు. గోడలో భాగమైపోయిన ఫలకాన్ని అలా తేవాలంటే గోడను కొట్టాలి, కొట్టేటప్పుడు ఫలకం పగలకుండా చూడాలి. రెండవది పాఠసంబంధమైనది, తెలుగు పరిశోధనకు మరింత దగ్గరైనది. అమరావతి స్తూపాన్ని కట్టినవారే శతాబ్దాల తరువాత పాత ఫలకాలను తిప్పి, వెనుకవైపు కొత్తగా చెక్కి వాడుకొన్న సందర్భాలున్నాయి. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ప్రసిద్ధ ఫలకానికి ఒకవైపు బుద్ధుని మూర్తి లేకుండా ఖాళీ ఆసనాన్ని ఆరాధించే తొలికాలపు దృశ్యం, మరోవైపు మలికాలంలో చెక్కిన పూర్తి స్తూపరూపం ఉన్నాయి. ఒక్క రాయి రెండు యుగాల సాక్ష్యం. గోడలో పొదిగిన ఫలకం వెనుక ఏమున్నదో గోడకే తెలుసు.

సి. శివరామమూర్తి 1942లో వెలువరించిన ఎగ్మూరు అమరావతి శిల్పాల సూచిక ఈ రంగంలో ఇప్పటికీ మూలగ్రంథం. దుస్తులు, ఆభరణాలు, వాద్యాలు, ఆయుధాల దాకా అందులోని వివరణ సూక్ష్మత అసాధారణం. అయినా అది ఎదుటికి తిరిగి ఉన్న ముఖాన్ని గురించిన సూచిక.

శాసనభాష విషయంలో ఈ చిక్కు ఇంకా పదునెక్కుతుంది. అమరావతి శాసన శకలంలోని ‘నాగబు’ తొలి తెలుగు పదమని వేటూరి ప్రభాకరశాస్త్రి చెప్పినది మొదలు, అది పూర్తి పదమా, లేక పెద్ద ప్రాకృత నామంలో విరిగిన ముక్కా అనే చర్చ సాగుతూనే ఉన్నది. ఈ చర్చ అచ్చులో చదివిన అక్షరాల మీదనే నడిచింది. కాని శకల శాసనానికి అక్షరాలెంత సాక్ష్యమో, అక్షరానికి ముందూ వెనుకా ఉన్న రాతి అంచూ అంతే సాక్ష్యం: అది శిల్పి చదును చేసిన అంచా, దిన్నె తవ్వినప్పుడు విరిగిన అంచా అన్నది పదం పూర్తి అయినదా కాదా అన్న ప్రశ్నకు దారి చూపుతుంది. ఏ ఫలకమైనా సరే, అంచును సిమెంటు కప్పివేస్తే ఆ సాక్ష్యం పాఠకునికి అందదు. పాంథియన్ గోడలు శిలలను పడకుండా నిలబెట్టి, వాటి అంచులను, వెన్నును తమలో దాచుకొన్నాయి. 1953లో ఆంధ్రరాష్ట్రం వేరుపడినా ఆ ఫలకాలు ఎగ్మూరులోనే ఉండిపోయాయి. వాటిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకంటె, గోడనుంచి చెక్కుచెదరకుండా ఎలా విడదీయాలన్న ప్రశ్నకు ముందుగా జవాబు కావాలి.